మైక్ పాడైన ఆదివారాలు

మాలతి ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. ఆ గుణం ఆమెకు తండ్రి శంకరయ్య నుంచి వచ్చింది. ఆయన పోచంపల్లి పక్క ఊళ్ళో మగ్గం నేసేవాడు. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో పువ్వులూ ఏనుగులూ గీసి, ఏ గడి దగ్గర ఏ ముడి పడాలో గుర్తులు పెట్టుకునేవాడు. ఇప్పుడు అదే పనిని మాలతి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల హోల్‌సేల్ దుకాణం పై అంతస్తులో కూర్చుని కంప్యూటర్ మీద చేస్తుంది. ఒక్క గడి తప్పితే కొంగు దాకా తప్పుతుంది. అందుకని పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా గడి తర్వాత గడి నింపుతూ పోతుంది. నలభై రాకుండానే దగ్గరి చూపుకు అద్దాలొచ్చాయి.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, తల్లి అంజమ్మ. కర్మన్‌ఘాట్‌లో హనుమంతుడి గుడికి రెండు సందుల అవతల కిరాయి ఇల్లు. తండ్రి పోయి పదేళ్ళు దాటింది. భర్త అశోక్‌తో ఆరేళ్ళు కాపురం చేసి, అయిదేళ్ళ కిందట విడిపోయింది. ఎందుకని అడిగిన వాళ్ళకల్లా "పడలే" అన్న ఒక్క ముక్కే చెప్పింది. తల్లికీ అంతే.

తమ్ముడు నరేష్‌కుమార్ ఆమెకన్నా మూడేళ్ళు చిన్న. ఎల్.బి.నగర్‌లో బైకుల షోరూంలో పని, మూసారాంబాగ్‌లో కాపురం. అక్కాతమ్ముళ్ళ ఇళ్ళ మధ్య అరగంట దారి కూడా లేదు. అయినా ఆ మధ్య వాళ్ళు కలుసుకునేది పండక్కో పబ్బానికో. దానికి కారణం నరేష్ పెళ్ళి. మాలతి దుకాణానికి దగ్గర్లోనే ఒక స్కూల్లో టీచరుగా చేసే సింధూరను ఇష్టపడి రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాడు. సింధూర వాళ్ళది గుంటూరు వైపు. కులమూ ప్రాంతమూ వేరని మాలతికి పట్టింపు లేదు. పెళ్ళయిన మర్నాడు ఫోన్లో చెప్పాడే, అదే మనసులో ముల్లులా ఉండిపోయింది.

"నీ లొల్లిల నువ్వున్నవ్ గదక్కా. ఇంక బాధపడ్తవని చెప్పలే," అన్నాడు అప్పుడు. అవి ఆమె అశోక్ ఇల్లు వదిలి వచ్చిన రోజులే. తమ్ముడి మీది కోపం ఎటూ పోలేక సింధూర మీదికి మళ్ళింది. సింధూర ఇంటికి వస్తే కాఫీ ఇచ్చేది, మంచీ చెడ్డా అడిగేది, అంతకు మించి ఒక్క మాట పెంచేది కాదు.

అలాంటప్పుడు ఎల్.బి.నగర్ చౌరస్తాలో వాన నీళ్ళలో స్కూటీ జారి మాలతి కాలి మడమ విరిగింది. ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు. మొదటి ఆదివారమే నరేష్ ఒక సంచీ పట్టుకుని వచ్చాడు. అందులో, కొత్తది కొన్నాక పక్కన పెట్టిన అతని పాత గేమ్ కన్సోల్.

"ఏందిరా గిది? నాకు నలభై ఏండ్లొస్తున్నయ్," అంది మాలతి.

"ఒస్తే ఏమైతది? చిన్నప్పుడు నన్ను ఓడగొట్టింది ఎవలు?" అంటూ టీవీ వెనక వైర్లు పెట్టాడు. "శానా పెద్ద గేమక్కా. నెలలకు నెలలు ఆడినా ఒడువది. నీ ఇంట్ల నువ్వు, నా ఇంట్ల నేను, కల్సి తిరుగుదం. ఆదివారం పొద్దుగాల ఆరింటికి ఒస్తా. చెవులకు గీ మైకు పెట్టుకుంటే మాట్లాడుకుంట ఆడొచ్చు."

చిన్నప్పుడు ఊరు విడిచి చంపాపేట్‌కు వచ్చిన కొత్తల్లో అక్కడ ఒక వీడియో గేముల కొట్టు ఉండేది. అరగంటకు సరిపడా చిల్లర దొరికిన రోజున అక్కాతమ్ముళ్ళు ఒకే జాయ్‌స్టిక్‌ను చెరో వైపు పట్టుకునేవాళ్ళు. నడిపించేది ఆమె, కొట్టేది వాడు. అది తల్చుకునే మాలతి ఒప్పుకుంది.

ఆ గేమ్‌లో ఒక దేశం ఉంది. బురద నేలలు, ఎర్ర కొండలు, అడవులు, సముద్రపు ఒడ్డు, వాటన్నిటికీ ఉత్తరాన మంచుకొండ మీద ఒక నల్లటి కోట. ఎక్కడ నిల్చున్నా ఆ కోట కనిపిస్తుంది. అక్కడున్న రాజును ఓడిస్తే కథ అయిపోతుంది. అంతవరకూ ఎటు పోయినా ఎవరూ అడ్డం చెప్పరు. మాలతికి ఒక తెల్ల గుర్రం, నరేష్‌కు ఒక నల్ల గుర్రం. మొదటి మూడు నెలలు ఎలా గడిచాయో ఆమెకే తెలియలేదు. కాలు బాగై దుకాణానికి పోవడం మొదలుపెట్టాక కూడా ఆదివారం పొద్దున ఆరింటికి టీవీ ముందు కూర్చునేది. అంజమ్మ ఆ వేళకు గుడికి పోయి, అక్కడే నలుగురితో కూర్చుని ఎనిమిదింటికి గానీ రాదు. ఇల్లంతా తనదే.

"అక్కా, గీ బజారు చూడు, సేమ్ చంపాపేట్," అనేవాడు నరేష్. అప్పటినుంచీ ఆ ఊరు చంపాపేట్ అయింది. బురద నది మీద ఇరుకు వంతెనకు మూసారాంబాగ్ అని పేరు పడింది. నరేష్ కుదురు లేని ఆటగాడు. శత్రువు కనిపిస్తే చాలు, వెనకా ముందూ చూడకుండా దూకి చచ్చేవాడు. ఆమె వెళ్ళి లేపేది. "ఆగురా పిచ్చోడా" అని అరుస్తూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వేది. అన్నేళ్ళుగా ఆ ఇంట్లో అంత పెద్దగా ఎవరూ నవ్వలేదు.

ఒక ఆదివారం కోట కనిపించే గుట్ట మీద గుర్రాలు ఆపారు.

"ఆ కోటకు మాత్రం ఇద్దరం కల్సే పోవాలె," అన్నాడు నరేష్. "ముందుగాల ఎవలు తలుపు తీసినా బాగుండది, చెప్తున్న."

"నాకెందుకురా తొందర? నువ్వే ఆగలేవు," అంది మాలతి.

కష్టమంతా ఆ తర్వాత మొదలైంది. దేశం తరగడం లేదు. ఒక దీపస్తంభం ఎక్కి వెలిగిస్తే, మ్యాప్‌లో చుట్టూ కొత్తగా ఇరవై గుర్తులు మొలిచేవి. ఇక్కడ దొంగల గుడారం, అక్కడ పాడుబడ్డ గనులు, ఇంకోచోట తప్పిపోయిన మేకను వెతికే ముసలమ్మ. మొదటి దొంగల గుడారం దగ్గర గుండె దడదడలాడింది. నలభయ్యో గుడారం దగ్గరికి వచ్చేసరికి, మూడు డేరాలు, ఒక నెగడు, పెట్టె వెనక దాక్కున్న విలుకాడు, ఏది ఎక్కడుంటుందో చూడకుండానే చెప్పేసేది. ముసలమ్మలందరూ వెతికేది అదే మేకను. మూలికలు కోయాలి, ఇనుము తవ్వాలి, కత్తి నూరించాలి. అవన్నీ ఆదివారం పెట్టుకుంటే కథ కదలదని, మాలతి వారం మధ్యలో సాయంత్రాలు కూర్చుని ఒక్కతే చేసిపెట్టేది. రేపటి కూరకు ఇవాళే చిక్కుడుకాయలు ఈనె తీసి పెట్టినట్టు.

"ఏందే, ఆ గడ్డి కోసుడు ఇంక ఒడువదా?" అనేది అంజమ్మ చపాతీలు ఒత్తుకుంటూ.

"ఒడుస్తదమ్మా. ఇంకొంచెమే."

పొద్దంతా దుకాణంలో గళ్ళు నింపి రావడం, ఇంటికొచ్చి మళ్ళీ మ్యాప్‌లో గుర్తులు చెరపడం. బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టి బియ్యం చెరగడానికి కూడా కష్టమైంది. ఒక సాయంత్రం టీవీ పెట్టి, ఆ మ్యాప్ వైపు చూడలేక మళ్ళీ కట్టేసింది. ఎందుకు చేస్తున్నాను ఇదంతా అనుకుంది. జవాబు ఆమెకు తెలుసు. ఆదివారం కోసం. ఈ ఆట మానేస్తే తమ్ముడితో వారానికి రెండు గంటల మాట కూడా పోతుంది. ఆ ఒక్క మాట కోసం ఎంత గడ్డైనా కోయొచ్చు.

ఏడో నెలలో నరేష్ మైక్ పాడైంది.

"అక్కా, నువ్వు మాట్లాడింది నాకు ఇనొస్తది, నేను మాట్లాడేదే పోతలేదు," అని వారం మధ్యలో ఫోన్ చేసి చెప్పాడు. "కొత్తది కొంట గని, అప్పటిదాక నువ్వు మాట్లాడుకుంట ఆడు. నేను తలకాయ ఊపుతా."

ఆ ఆటలో మనిషి బొమ్మ చేత కొన్ని సైగలు చేయించొచ్చు. తల ఊపడం, చెయ్యెత్తడం, కూర్చోవడం, చప్పట్లు. అవసరమైతే రెండు ముక్కలు టైపు చేయొచ్చు. "ఓకే అక్క." "ఒస్తున్న అక్క." కొత్త మైక్ వచ్చే వారం, వచ్చే వారం అంటూ రానే లేదు. మాలతికి మొదట్లో వెలితిగా అనిపించింది. పోనుపోను అలవాటైంది. ఇంకా చెప్పాలంటే అదే బాగుందనిపించింది.

ఎందుకంటే తమ్ముడు మారాడు. గుడారాల మీదికి దూకడం మానేశాడు. ఆమె గుర్రం వెనకే నల్ల గుర్రాన్ని మెల్లగా నడిపించేవాడు. దారిలో పువ్వులు కోసేవాడు. ఆమె చెప్పేది అయ్యేదాకా కదిలేవాడు కాదు. పెళ్ళయి నాలుగేళ్ళకు వీడికి నెమ్మది వచ్చింది అనుకుంది. జవాబు చెప్పని మనిషి దగ్గర మాట తేలిగ్గా వస్తుంది. నాన్న చివరి రోజుల గురించి చెప్పింది. దుకాణంలో తను గీసిన డిజైన్లకు యజమాని కొడుకు తన పేరు పెట్టుకోవడం గురించి చెప్పింది. ఒక ఆదివారం, సముద్రపు ఒడ్డున గుర్రాలు దిగి కూర్చున్నప్పుడు, అశోక్ సంగతి కూడా చెప్పింది. పిల్లలు కలగకపోవడానికి లోపం అతనిదేనని డాక్టరు చెప్పాక, ఆ కాగితం దాచి, అత్తవారి ముందు మూడేళ్ళు తననే గొడ్రాలిగా నిలబెట్టాడని. ఆ కాగితం ఒకరోజు బీరువాలో తన చేతికే దొరికిందని. అది చెబుతూ ఏడ్చింది. నల్ల గుర్రం మనిషి లేచి వచ్చి ఆమె బొమ్మ పక్కన కూర్చున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

సింధూర గురించి కూడా చెప్పింది. "నీ పెండ్లాం నవ్వినా గూడ లెక్కపెట్టుకొని నవ్వుతదిరా. నాతోని మాట్లాడితే మేకప్ పోతదేమో." అని తనే నవ్వింది. నల్ల గుర్రం కదల్లేదు. పెళ్ళాన్ని అంటే పడదు వీడికి అనుకుని ఆ మాట మార్చేసింది.

మరుసటి ఏడాది మొదట్లో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చేతికి ఏదో గట్టిగా తగిలింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. తల్లికి బీపీ. చెబితే ఆవిడ ముందే మంచాన పడుతుంది. ఆదివారం వచ్చింది. ఆ రోజు ఆమె గుర్రం ఎక్కలేదు.

"తమ్మీ, ఇయ్యాల ఆడేది లేదు గని ఒక మాట చెప్తా ఇను," అంది. గడ్డ సంగతి చెప్పింది. "బుధవారం పన్నెండింటికి ఎల్.బి.నగర్‌ల స్కానింగు. అమ్మకు తెల్వద్దు. నువ్వొస్తవా? ఒక్కదాన్ని పోవాలంటే భయమైతుంది."

నల్ల గుర్రం మనిషి కదలకుండా నిలబడ్డాడు. తర్వాత తల ఊపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

బుధవారం ఆమె పదకొండున్నరకే స్కానింగ్ సెంటర్ చేరింది. గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల తిప్పింది. పన్నెండయింది, పన్నెండున్నరయింది. ఫోన్ చేద్దామని తీసి, అడుక్కోవడం ఇష్టం లేక సంచీలో పెట్టేసింది. లోపల చల్లటి గదిలో పడుకోబెట్టి, జెల్ రాసి, డాక్టరమ్మ తెర వైపు చూస్తున్నంతసేపూ మాలతి పైకప్పును చూస్తూ ఉంది. భయం లేదు, మామూలు గడ్డే, ఆరు నెలలకొకసారి చూపించుకుంటే చాలన్నారు. ఆ మాట విన్నాక కూడా ఆమెకు సంతోషం రాలేదు.

ఆ ఆదివారం కోపంతోనే టీవీ పెట్టింది. ఆటలో వాళ్ళిద్దరూ కట్టుకున్న గుడిసె ముందు, గడప నుంచి బాట దాకా నీలం పువ్వులు పరిచి ఉన్నాయి. ఆ పువ్వు మంచుకొండ అంచున తప్ప దొరకదు. ఒక్కటి కోయడానికి పావుగంట పడుతుంది. అక్కడ వందకు తక్కువ లేవు. నల్ల గుర్రం మనిషి పక్కన తల వంచి నిలబడ్డాడు. మాలతి ఏడ్చింది, తిట్టింది, రిపోర్టు మంచిగా వచ్చిందని చెప్పింది. మనిషి రాలేకపోయినా మనసు పెట్టాడు కదా అనుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం సాయంత్రం నరేష్ కర్మన్‌ఘాట్ వచ్చాడు. అంజమ్మ బీపీ మందుల చీటీ కావాలంటే సొరుగు లాగి వెతుకుతున్నాడు. అతని చేతికి మాలతి స్కానింగ్ ఫైలు వచ్చింది.

"అక్కా, ఇదేంది?" అన్నాడు. మొహం తెల్లబోయి ఉంది. "ఎప్పుడైంది? నాకు ఒక్క మాట చెప్పవా?"

వంటింట్లో తల్లి ఉంది. మాలతి తలుపు దగ్గరికి వేసింది. "ఆటలా నీకు? చెప్పిన గద."

"ఎప్పుడు చెప్పినవ్?"

"ఆదివారం చెప్పిన గదరా. బుధవారం రమ్మంటే తలకాయ ఊపినవ్. మూడుసార్లు ఊపినవ్. పూలు గూడ పరిచినవ్."

నరేష్ కళ్ళు దించుకున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి దొరికిపోయినప్పుడు పెట్టే మొహం అది. ఇంకా అతను అసలు మాట చెప్పలేదు, అయినా మాలతికి ఏదో తెలిసిపోయింది.

"కూసో అక్కా," అన్నాడు.

"నిలబడే ఉంట. చెప్పు."

"అది... నేను గాదు."

మాటలు కూడబలుక్కుంటూ చెప్పాడు. యాభై గంటలు దాటాక అతనికి ఆ ఆట మీద విరక్తి పుట్టింది. వారమంతా షోరూంలో బండ్ల గురించి వచ్చేవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ, ఆదివారం పొద్దున లేచి మళ్ళీ అవే గుడారాలు, అదే మేక. ఒకరోజు నిద్ర తెలివి రాక, "జర గంటసేపు నువ్వు తిప్పు, అక్కకు చెప్పకు," అని సింధూర చేతికి ఇచ్చి పడుకున్నాడు. గొంతు వినిపిస్తే దొరికిపోతామని మైక్ తీసేశాడు. మరుసటి వారం కూడా అంతే. తొమ్మిది నెలల నుంచీ ప్రతి ఆదివారం నల్ల గుర్రం మీద వచ్చింది సింధూర. అతను పక్క గదిలో నిద్రపోతున్నాడు.

"నీకు చెప్తే బాధపడ్తవని చెప్పలే," అన్నాడు.

"బోరు కొట్టిందంటే అయిపోవు గద! నాకు కొట్టలేదనుకున్నవా? ఆ మ్యాప్ చూస్తేనే కక్కొచ్చేది. వేళ్ళు ఒంగకుంట అయినయ్ చూడు. నీ కోసం కోసిన గదరా ఆ గడ్డి! నీతోని రెండు గంటలు మాట్లాడొచ్చని."

"నేనూ నీ కోసమే..."

"నా కోసం పండుకున్నవా?"

నరేష్ "ఏమేం చెప్పినవక్కా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు మాలతి అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిది నెలల్లో ఒక్క మాట కూడా ఇతని చెవిన పడలేదు. నాన్న మాట లేదు, అశోక్ మాట లేదు, తన ఒంట్లో గడ్డ మాట లేదు. చెప్పుకున్నదంతా ఎవరితోనైతే మాట పెంచకూడదని ఒట్టు పెట్టుకున్నట్టుందో, నేరుగా ఆ మనిషి చెవుల్లోకే పోయింది.

"నీ పెండ్లాన్నే అడుగు," అని తలుపు తీసింది.

సోమవారం మధ్యాహ్నం సింధూర దుకాణానికి వచ్చింది. స్కూలు మధ్యలో పర్మిషన్ తీసుకున్నట్టుంది, మెళ్ళో గుర్తింపు కార్డు అలాగే ఉంది. మాలతి ఆమెను పైకి పిలవలేదు. మెట్లు దిగి, మెట్రో స్తంభాల కింద చెరుకురసం బండి పక్కన నిలబడింది.

"వదినా, తప్పు నాది," అంది సింధూర. "మొదటి రోజే చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలే?"

"మొదట ఆయన వద్దన్నారని. ఆ తర్వాత..." ఆగింది. "మీరు నాతో ఇన్నేళ్ళలో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదండీ. నేనని తెలిస్తే మానేస్తారు కదా. మానేస్తారని చెప్పలేదు."

"నా మొగుని సంగతి ఇన్నవ్. నా కన్నతల్లికి తెల్వదది."

"ఎవరికీ చెప్పలేదు వదినా. ఆయనకి కూడా. ఒట్టు."

"కూసున్నవ్ గద పక్కకొచ్చి? నేను ఏడుస్తుంటే?"

సింధూర కళ్ళు నిండాయి. "కూర్చున్నాను. నేను లెక్కపెట్టుకుని నవ్వుతానన్నది కూడా విన్నానండీ. నాలుగు రోజులు అన్నం సహించలేదు. అయినా ఆదివారం వచ్చాను." మెళ్ళో కార్డును తిప్పుతూ, "ఆ బుధవారం కూడా వచ్చాను. రోడ్డుకి అవతల మందుల షాపు దగ్గర నిలబడ్డాను. లోపలికి వస్తే ఎలా తెలిసిందని అడుగుతారు. మీరు ఆటో ఎక్కేదాకా అక్కడే ఉన్నాను," అంది.

అది నిజమో కాదో మాలతికి తెలియదు. నిజమే అయ్యుండొచ్చు. నిజమనుకుంటే ఇంకా మండింది. అద్దాల గదిలో తను ఒక్కతీ తలుపు వైపు చూస్తూ కూర్చుంటే, తెలిసిన మనిషి రోడ్డు దాటలేక నిలబడిందా? తన అబద్ధం బయటపడుతుందని?

"నువ్వు మంచిదానివే కావొచ్చు సింధూరా," అంది. "గని నేను నీకు చెప్పలే. నా తమ్మునికి చెప్పిన. నువ్వు దొంగచాటుగ తీసుకున్నవ్. వాడు ఒద్దని పారేసింది నువ్వు ఏరుకున్నవ్. ఇద్దరిల ఎవల మీద ఎక్కువ కోపం రావాల్నో నాకు సమజైతలేదు."

"వదినా..."

"పో. స్కూలుకు టైమైతది."

ఆ ఆదివారం మాలతి ఆరింటికే లేచింది. అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. టీవీ పెట్టింది. తెర మీద ఆమె ఆడిన సమయం కనిపించింది, మూడు వందల పన్నెండు గంటలు. ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఆట మొదలుపెట్టి, గుర్రాన్ని నేరుగా మంచుకొండ వైపు తోలింది. కోట తలుపు తీసింది. ఇన్నాళ్ళూ కూడబెట్టిన మూలికలూ నూరిన కత్తీ ముందు ఆ రాజు పదకొండు నిమిషాలు కూడా నిలవలేదు. తర్వాత పేర్ల పట్టీ మొదలైంది. ఆ ఆటను తయారుచేసిన వందలమంది పేర్లు కింది నుంచి పైకి పోతూనే ఉన్నాయి. అది అయ్యాక తెర మీద ఒక వాక్యం వచ్చింది. సముద్రం అవతల కొత్త దేశం తెరుచుకుంది, ప్రయాణం సాగించండి అని. మ్యాప్ పక్కకు జరిగి, ఇంకో మ్యాప్ కనిపించింది. దాని నిండా గుర్తులే.

"థూ," అంది మాలతి.

వైర్లు పీకి, కన్సోల్‌ను సంచీలో పెట్టి, ఆటోలో మూసారాంబాగ్ పోయింది. నరేష్ నిద్ర కళ్ళతో తలుపు తీశాడు. సంచీ చేతికిచ్చి, లోపలికి రమ్మంటే రాకుండా వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత మాటలేమీ పూర్తిగా పోలేదు. నరేష్ ఫోన్ చేస్తే ఎత్తుతుంది. అమ్మ మందులు, గ్యాస్ సిలిండరు, కరెంటు బిల్లు, అంతే. సింధూర పంపిన మెసేజీలు చదువుతుంది, జవాబివ్వదు. ఒకసారి రెండు వాక్యాలు టైపు చేసి చెరిపేసింది.

ఆరు నెలలకు మళ్ళీ స్కానింగ్ తేదీ వచ్చింది. ఈసారి ఎవరిని పిలవాలా అని మాలతి చాలా ఆలోచించింది. దుకాణంలో పనిచేసే సుమిత్రమ్మను అడుగుదామనుకుంది. నోరు రాలేదు. ముందురోజు సాయంత్రం అంజమ్మ పప్పు ఏరుతుంటే పక్కన కూర్చుని, మొదటిసారి గడ్డ సంగతి చెప్పింది. అది చెప్పాక ఆగలేకపోయింది. తమ్ముడు చేసింది చెప్పింది, సింధూర చేసింది చెప్పింది, అశోక్ దాచిన కాగితం సంగతీ చెప్పింది.

చేటలో అంజమ్మ చెయ్యి ఆగిపోయింది. కొడుకును తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని మాలతి ఎదురుచూసింది. అంజమ్మ కూతురి వైపు తిరిగింది.

"పక్క గదిల ఉన్నదాన్ని ఇడిసిపెట్టి, టీవీల ఉన్నోనికి చెప్పినవా బిడ్డా?"

"నీకు బీపీ అని..." అంది మాలతి.

"నాకు చెప్తే సచ్చిపోతననుకున్నవా? ఆఖరి దినాలల్ల నీ అయ్యను ఎవలు చూసుకున్నరు? నాకు అయిదేండ్లాయె, నా బిడ్డ కాపురం ఎందుకు పోయిందని గుళ్ళె నలుగురడిగితే తలకాయ దించుకోబట్టి. గా పిల్లకు ఎరుకనట. నాకు ఎరుక లేదు." చేట పక్కకు జరిపి లేచింది. "వాడు నిన్ను మోసం జేసిండంటున్నవ్. మరి నువ్వు జేసింది ఏంది?"

మాలతి ఆ చేట తీసుకుని మిగిలిన పప్పు ఏరింది. ఆ రాత్రి తల్లీకూతుళ్ళు మాట్లాడుకోలేదు. పొద్దున అంజమ్మ మంచి చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. రమ్మని మాలతి అడగలేదు. వస్తానని ఆవిడా చెప్పలేదు. ఎల్.బి.నగర్ దాకా ఆటోలో ఒకరు ఇటు, ఒకరు అటు చూస్తూ కూర్చున్నారు. స్కానింగ్ సెంటర్లో పేరు పిలిచినప్పుడు మాలతి లేచి తన సంచీ, ఫోను, కళ్ళద్దాలు తల్లి ఒళ్ళో పెట్టింది. అంజమ్మ వాటిని పట్టుకుంది. మొహం మాత్రం ఇంకా గోడ వైపే ఉంది.